చెక్క చెంచాకు బదులుగా ఏమివ్వాలి?

ఈ వారం మనకు అందిన ఉత్తరం, బ్రిటన్‌లోని వేల్స్ రాజధాని కార్డిఫ్ నుంచి వచ్చింది. రాసిన పాఠకురాలి పుట్టిల్లు పాలకొల్లు. వయసు ముప్పై దాటింది. కార్డిఫ్‌లో ఒక ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నారు. రెండేళ్ల క్రితం, వేల్స్‌కు వాయవ్యాన ఉన్న ఆంగ్లసీ దీవికి చెందిన, వెల్ష్ మాతృభాషగా గల ఒక ఉపాధ్యాయుణ్ణి ప్రేమించి పెళ్లి చేసుకున్నారు. ఆ కుటుంబంలో ఫిబ్రవరి 14 కన్నా జనవరి 25కే విలువ ఎక్కువ. ప్రేమికులకు అండగా నిలుస్తుందని వెల్ష్ ప్రజలు తలచుకునే సెయింట్ డ్విన్వెన్ పండుగ ఆ రోజే వస్తుంది.

క్రితం సంవత్సరం ఆ పండుగకు ఈమె భర్తకు ఖరీదైన చేతి గడియారం కొనిచ్చారు. ఆయన తన చేతులతో చెక్కిన ఒక చెక్క చెంచా ఇచ్చారు. దాని కాడ మీద ఒక తాళంచెవి, ఒక చక్రం, ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు గొలుసు కడియాలు ఉన్నాయి. ముచ్చటగా ఉందని మెచ్చుకుని, ఈమె దాన్ని గరిటెలుండే వంటింటి సొరుగులో పెట్టారు. తరువాత అత్తవారింటికి వెళ్లినప్పుడు, మామగారు పెళ్లికి ముందు అత్తగారికి చెక్కిచ్చిన అటువంటి చెంచాయే హాల్లో ఫైర్‌ప్లేస్ పైనున్న గోడకు వేలాడుతూ కనిపించింది. ఆ వస్తువు విలువ ఏమిటో ఈమెకు అప్పుడు తెలిసింది. భర్త ఇంతవరకు ఆ విషయం ఎత్తలేదు. ఈమెకూ ఎత్తడానికి నోరు రాలేదు.

ఇప్పుడు వారిద్దరూ కార్డిఫ్‌లో ఒక పాత ఇల్లు కొన్నారు. ఇంటి అప్పు వాయిదా పోను చేతిలో మిగిలేది తక్కువే. ఈసారి సంక్రాంతికి ఈమె తల్లిదండ్రులు వచ్చి నెలాఖరు దాకా ఉంటారు. జనవరి 25న అందరూ తమ ఇంటికి భోజనానికి రావాలని అత్తగారు పిలిచారు. వియ్యాలవారింటికి చేతులూపుకుంటూ ఎలా వెళ్తామని, వెండి పళ్లెం, గిన్నెలు తెస్తానని అమ్మ పట్టుబడుతున్నారు. ఏమీ వద్దని భర్త అంటున్నారు. ఈమె దగ్గర 150 పౌండ్లు ఉన్నాయి. “ఇంటికి వెచ్చదనం తెచ్చేది ఏదైనా ఇవ్వాలని ఉంది. ఉన్ని దుప్పటి కొనాలా, మంచి దీపం కొనాలా? ఏది కొన్నా ఆ చెంచా ముందు చిన్నబోతుందనిపిస్తోంది” అని రాశారు. ఉత్తరం చివర, సంతకానికి ముందు, ఇంకో వాక్యం ఉంది: “ఈ ఇల్లు నాదన్న భావం నాకింకా కలగలేదు.”

మీరు ఒక కానుక గురించి అడిగారు గాని, ఉత్తరంలో మూడు కానుకలు చిక్కుపడి ఉన్నాయి. మీవారికి మీరు ఇవ్వదలచినది ఒకటి. మీ అమ్మానాన్నలు వియ్యాలవారికి పెట్టదలచినది రెండోది. కొత్తగా కొన్న పాత ఇంటికి చలికాలంలో కావలసినవి మూడోది. ఈ మూడింటినీ ఒకే రోజున, ఒకే వస్తువుతో, 150 పౌండ్లలో తీర్చాలని చూస్తున్నారు కాబట్టే ఏది తలచుకున్నా చాలదనిపిస్తోంది. వాటిని విడదీసి చూస్తే దేనికదే చిన్న పని అవుతుంది.

ముందుగా ఆ పండుగ స్వభావం గురించి రెండు మాటలు చెప్పాలి. దాని కొలత తెలిస్తేనే అందులో ఇమిడే కానుక కొలత తెలుస్తుంది. డ్విన్వెన్ అయిదో శతాబ్దపు రాజకుమార్తె అని చెబుతారు. ఆమె మేలన్ అనే యువకుణ్ణి ప్రేమించింది గాని, పెళ్లి జరగలేదు. కథను పలువురు పలు విధాలుగా చెబుతారు. ఎక్కువగా వినిపించే కథలో, ఈ బాధ మరపించమని ఆమె దేవుణ్ణి వేడుకోగా దేవదూత ఒక పానీయం తెచ్చిస్తాడు. దాని ప్రభావంతో మేలన్ మంచుగడ్డగా మారిపోతాడు. అప్పుడు ఆమెకు మూడు వరాలు లభిస్తాయి. మేలన్‌ను మళ్లీ మనిషిని చేయమని ఒకటి, నిజంగా ప్రేమించేవారి ఆశలు నెరవేర్చమని ఒకటి, తనకు ఇక పెళ్లి అనేది లేకుండా చేయమని ఒకటి ఆమె కోరుకుంటుంది. ఆ తరువాత ఆంగ్లసీ తీరాన ఉన్న లాన్‌డ్విన్ అనే చిన్న దీవిని చేరి అక్కడే జీవితం గడిపిందంటారు. ఆమె పేరుతో వెలసిన చర్చి శిథిలాలు నేటికీ అక్కడ ఉన్నాయి. దగ్గరలోని బావి నీటిలో చేపల కదలికను బట్టి ప్రేమికులు తమ భవిష్యత్తు చూసుకునేవారని కూడా చెప్పుకుంటారు. ఇరవయ్యో శతాబ్దంలో మరుగునపడిన ఈ పండుగ, 1960లలో వేల్స్‌లోని బాంగర్ నగరంలో చదువుతున్న ఒక విద్యార్థిని శుభాకాంక్షల కార్డులు అచ్చు వేయించాక మళ్లీ ఊపందుకుంది.

ఇందులో రెండు కుటుంబాల మధ్య ఇచ్చిపుచ్చుకోవడాల ప్రసక్తి ఎక్కడా లేదని గమనించండి. ఇది ఇద్దరి మధ్య పండుగ. మనకు సంక్రాంతికి అల్లుణ్ణి పిలిచి కొత్తబట్టలు పెట్టడం, కూతురికి సారె పంపడం వంటివన్నీ రెండు ఇళ్ల మధ్య మర్యాదలు. వాటిలో ఇచ్చే వస్తువును నలుగురూ చూస్తారు, ఏం పెట్టారని అడుగుతారు. మీ అమ్మగారు ఆ కొలతతో ఆలోచిస్తున్నారు. మీవారు “ఏమీ వద్దు” అంటున్నది ఇంకో కొలతతో. ఇద్దరిలో ఎవరూ తప్పు మాట్లాడడం లేదు. ఇద్దరూ వేర్వేరు పండుగల గురించి మాట్లాడుతున్నారు, మధ్యలో మీరు నలుగుతున్నారు.

ఇక చెంచా సంగతి. ఈ ఉత్తరంలో నా మనసును ఎక్కువగా పట్టుకున్నది అదే. వేల్స్‌లో యువకులు తాము ప్రేమించిన అమ్మాయికి ఒకే చెక్క ముక్కలోంచి చెంచా చెక్కి ఇవ్వడం శతాబ్దాలుగా వస్తున్న ఆచారం. కార్డిఫ్ శివార్లలోని సెయింట్ ఫాగన్స్ మ్యూజియంలో 1667 అని తేదీ ఉన్న చెంచా ఒకటి భద్రంగా ఉంది. ఒక ఆదివారం మీరిద్దరూ వెళ్లి చూడవచ్చు. ఈ చెంచాల మీద చెక్కే గుర్తులకు అర్థాలు ఉంటాయి. హృదయం ప్రేమకు, గుర్రపునాడా అదృష్టానికి గుర్తులు. చక్రం ఉంటే నీ కోసం కష్టపడతానని చెప్పినట్టు. గొలుసు కడియాలు విడిపోని తోడుకు గుర్తు. వాటిని విడిగా చేసి అతికించరు, అదే చెక్కలోంచి ఒకదానిలో ఒకటి కదిలేలా తొలుస్తారు. ఒక్క పొరపాటు కోతతో కడియం విరిగిపోతుంది. అలవాటు లేని చేతులకు అది ఒక సాయంత్రంలో అయ్యే పని కాదు. తాళంచెవికి ఉన్న అర్థం, నా ఇల్లు నీదని.

అంటే, ఈ ఇల్లు నాదన్న భావం కలగలేదని మీరు నాకు రాసేనాటికే, ఇల్లు నీదన్న మాట చెక్కి ఉన్న వస్తువు మీ వంటింటి సొరుగులో ఉంది. మిమ్మల్ని నొప్పించడానికి ఈ మాట అనడం లేదు. ఎవరూ చెప్పకపోతే ఆ గుర్తుల అర్థం పాలకొల్లులో పెరిగిన అమ్మాయికి తెలిసే మార్గం లేదు. గోరింటాకు ఎంత ఎర్రగా పండితే అంత మంచి మొగుడు వస్తాడని మనం ఎందుకంటామో మీవారికి తెలియనట్టే ఇదీ. అయితే ఇప్పుడు తెలిసింది కనుక, ఏ కానుక కొనాలన్న ఆలోచన కన్నా ముందు ఈ చెంచా విషయం తేలాలి. అది తేలకుండా ఎంత మంచి దుప్పటి కొన్నా, మీ మనసులో అది జరిమానా కట్టినట్టే ఉంటుంది.

దీనికి మీ ముందు రెండు మూడు దారులున్నాయి. చెంచాను ఏమీ మాట్లాడకుండా బయటకు తీసి, కొత్త ఇంటి హాల్లో గోడకు తగిలించవచ్చు. ఆయన చూస్తారు, సంతోషిస్తారు, ఇద్దరికీ ఇబ్బందికరమైన సంభాషణ తప్పుతుంది. కాని ఇన్నాళ్లూ అది సొరుగులో ఎందుకుందో ఆయనకు ఎప్పటికీ తెలియదు. తన తల్లి ఇంట్లో చూసి సిగ్గుపడి తగిలించారేమోనన్న అనుమానం కూడా మిగలవచ్చు. రెండో దారి, జరిగింది జరిగినట్టు చెప్పడం: దీని అర్థం నాకు తెలియలేదు, మీ అమ్మగారింట్లో చూశాక తెలిసింది, అడగడానికి మొహమాటపడ్డాను అని. ఇందులో కాసేపు ఇబ్బంది ఉంటుంది. ఆయన మనసులో ఏదైనా బాధ ఉంటే అది బయటకు రావచ్చు, వినవలసి వస్తుంది. దానికి బదులుగా, ఏ గుర్తు ఎందుకు చెక్కారో ఆయన నోటితోనే వినగలుగుతారు. మూడోది, జనవరి 25 దాకా ఆగి, ఆ రోజే తగిలించి ఆశ్చర్యపరచడం. ఇది వినడానికి అందంగా ఉంది గాని నేను దీన్ని సమర్థించలేను. ఆ రోజు ఇంటి నిండా మనుషులు, ప్రయాణపు హడావిడి ఉంటాయి, పైగా ఇంకో రెండు నెలలు మీరు ఈ బరువు మోయాలి. నన్నడిగితే రెండో దారే మంచిదంటాను, అదీ ఈ వారంలోనే. ఎక్కడ తగిలించాలో ఇద్దరూ కలిసి నిర్ణయించుకోండి. రేడియేటర్ పైన, నేరుగా ఎండ పడే చోట, పొయ్యి ఆవిరి తగిలే చోట మాత్రం వద్దు, చెక్క పగిలే ప్రమాదం ఉంది.

ఇప్పుడు మీవారికి ఇవ్వవలసిన కానుక గురించి మాట్లాడుకుందాం. చెంచాకు సమానమైన వస్తువు కోసం వెతకడం మానేయండి. ఆయన చెక్కి ఇచ్చారు కనుక మీరూ ఏదో ఒకటి స్వయంగా చేసి తీరాలన్న నియమం లేదు. ఆ చెంచాలో ఉన్న గొప్ప గుణం, అది ఎవరి కోసం ఉద్దేశించిందో ఆ ఒక్కరికి తప్ప ఇంకెవరికీ పనికిరాదు. మీ కానుకలో కూడా ఆ గుణం ఉంటే చాలు, అది కొన్నదైనా సరే. అందుకు మీ ఇంట్లో జనవరి సాయంత్రం ఎలా గడుస్తుందో ఒకసారి తలచుకోండి. అయిదు గంటలకే చీకటి. ఆయన బడి నుంచి వచ్చాక ఎక్కడ కూర్చుంటారు? పిల్లల నోట్‌బుక్కులు ఏ మూల దిద్దుకుంటారు? మీరు రాత్రి డ్యూటీ ముగించి వచ్చి ఎక్కడ కాళ్లు ముడుచుకుంటారు? కానుక ఏ మూలకు కావాలో తెలిస్తే ఏ వస్తువో చాలావరకు తెలిసిపోతుంది.

ఉన్ని దుప్పటి మీరు అడిగిన వాటిలో మొదటిది. వేల్స్‌లో దానికి చాలా చరిత్ర ఉంది. రెండు పొరలుగా కలిపి నేసే వెల్ష్ దుప్పట్లలో ఒకే అల్లిక రెండు వైపులా రంగులు తారుమారై కనిపిస్తుంది, వాటిని తరతరాలుగా పెళ్లికానుకగా ఇచ్చుకుంటున్నారు. ద్రెవాఖ్ ఫెలిన్‌ద్రెలోని పాత మిల్లులో ఉన్ని మ్యూజియం నడుస్తోంది, పెంబ్రోక్‌షైర్‌లో మెలిన్ త్రెగ్వింట్ వంటి మిల్లులు ఇంకా నేస్తున్నాయి. కాని కొత్తది, పెద్ద మంచానికి సరిపోయేది కొనాలంటే మీ దగ్గరున్న సొమ్ము చాలదు. సోఫా మీద కప్పుకునే చిన్న దుప్పటికైతే సరిపోవచ్చు. పాత సామాను దుకాణాల్లో దొరికేవి కొంత చవక. కొనేముందు వెలుతురుకు ఎదురుగా పట్టి పురుగు తిన్న చిల్లులున్నాయేమో చూడండి, మడతల దగ్గర మరింత జాగ్రత్తగా చూడండి. తెచ్చాక ప్లాస్టిక్ సంచిలో గట్టిగా కట్టి రెండు వారాలు డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే మిగిలిన పురుగు కూడా చస్తుంది. ఇంకో ముఖ్యమైన మాట. ఇటువంటి దుప్పటి ఒకటి మీ అత్తగారు కొత్త ఇంటి కోసం ఇప్పటికే దాచి ఉంచే అవకాశం బాగా ఉంది. మీవారికి అక్కచెల్లెళ్లెవరైనా ఉంటే వారిని ముందే అడిగి తెలుసుకోండి. ఒకే రోజున ఒకే ఇంటికి రెండు దుప్పట్లు వస్తే, అత్తగారిదో మీదో ఒకటి మడతలోనే ఉండిపోతుంది.

దీపం మంచి ఆలోచనే, ఖర్చు తక్కువ. పాత ఇళ్లలో పైకప్పు ఎత్తుగా ఉంటుంది కనుక నడి లైటు ఒక్కటే వేస్తే గది వెలవెలబోతుంది. ఆయన దిద్దుకునే బల్ల దగ్గర ఒకటి, మీరు కూర్చునే మూల ఒకటి, పసుపు వన్నె కాంతినిచ్చే చిన్న లైట్లు పెడితే గది స్వరూపమే మారిపోతుంది. అయితే ఇది కానుకా, ఇంటి సామానా అన్న సందేహం రావచ్చు. నేనైతే దీన్ని ఇంటి సామాను లెక్కలోనే వేస్తాను. తలుపు కింది సందులోంచి దూరే చలిగాలికి అడ్డంగా పెట్టే పొడవాటి గుడ్డచుట్ట, కిటికీలకు మందపాటి కర్టెన్లు కూడా ఆ లెక్కలోవే. నిజానికి పాత ఇంట్లో దుప్పటి కన్నా ముందు వెచ్చదనం తెచ్చేవి ఇవే. వీటిని పండుగ దాకా ఆపకుండా ఇప్పుడే, ఇద్దరి ఉమ్మడి డబ్బుతో కొనండి. అలా చేస్తే మీ 150 పౌండ్ల మీద ఇంటి అవసరాల బరువు పడదు.

వెల్ష్ కేకులు కాల్చే బరువైన ఇనుప పెనం గురించి కూడా ఆలోచించవచ్చు. పిండి, వెన్న, ఎండు ద్రాక్షతో చేసే ఆ చిన్న కేకులను ఓవెన్‌లో కాకుండా పెనం మీదే కాలుస్తారు. ఆ పెనం మీద అట్లు కూడా చక్కగా వస్తాయి. అట్లతద్దికి తెల్లవారుజామున లేచి ఉయ్యాలలూగి, చందమామను చూసి అట్లు వాయనమిచ్చిన ఇంటి పిల్లకు, ఆంగ్లసీలో పుట్టిన అబ్బాయికి ఒకే పెనం పనికొస్తుందంటే నాకు సంతోషంగా ఉంది. కాని ఒక చిక్కుంది. వంట మీ ఒక్కరి పనే అయ్యే ఇంట్లో పెనం ఇస్తే ఆ కానుక తిరిగి మీ నెత్తినే పడుతుంది. ఆదివారం ఉదయాలు ఆయన పొయ్యి దగ్గర నిలబడే మనిషైతేనే అది ఆయనకు కానుక.

నాకు అన్నిటికన్నా నచ్చిన దారి ఇంకొకటి ఉంది, దాన్ని మీరు అడగలేదు. బొంత. మీ అమ్మగారి పెట్టెలో కట్టీకట్టీ మెత్తబడిన మంగళగిరి చీరలో, వెంకటగిరి చీరలో ఉండే ఉంటాయి. మూడు నాలుగు చీరలు పొరలు పొరలుగా వేసి, దగ్గర దగ్గరగా వరుస కుట్లు వేస్తే సోఫా మీద ఇద్దరూ కప్పుకోగల బొంత తయారవుతుంది. పైపొరలో మీవారి పాత చొక్కాల ముక్కలు కూడా కలపవచ్చు. బొంత కుట్టే ఆడవాళ్లు మీ ఊరి చుట్టుపక్కల ఇంకా ఉంటారు, అమ్మగారు కనుక్కోగలరు. మీ అత్తగారి సీమలో కూడా బొంతల సంప్రదాయం ఘనమైనదే. పాత ఉన్ని గుడ్డల ముక్కలు కలిపి కుట్టేవారు. ఊరూరా తిరుగుతూ, ఒక్కో రైతు ఇంట్లో కొన్నాళ్లుండి ఆ ఏటికి కావలసిన బొంతలు కుట్టిపోయే స్త్రీలు వేల్స్‌లో ఒకప్పుడు ఉండేవారు. ఒకరి భాష ఒకరికి రాని ఇద్దరు వియ్యపురాళ్లకు భోజనం తరువాత పక్కపక్కన కూర్చుని వేళ్లతో కుట్లు తడిమి చూసుకోవడానికి ఇంతకన్నా మంచి వస్తువు దొరకదు.

దీనికీ ఇబ్బందులున్నాయి, అవీ చెబుతాను. నూలు బొంత బరువుగా ఉంటుంది, ఉతికితే ఆ చెమ్మ వాతావరణంలో తొందరగా ఆరదు. బయటి గోడకు ఆనించి మడతపెట్టి వదిలేస్తే బూజు పడుతుంది. కాబట్టి నాలుగు పొరలు దాటకుండా, మీ వాషింగ్ మెషీన్‌లో పట్టే కొలతలోనే కుట్టించాలి. పొరలలో రంగు దిగే చీర ఉంటే కుట్టకముందే రెండు మూడుసార్లు జాడించమనాలి. అన్నిటికన్నా ముఖ్యం, అది అమ్మ కుట్టించిన వస్తువుగా మిగిలిపోకుండా మీ కానుక కావాలంటే మీ చెయ్యి కూడా పడాలి. ఒక అంచు కుట్టకుండా వదిలేయమనండి. సంక్రాంతి తరువాత, జనవరి 25లోగా, అమ్మ పక్కన కూర్చుని ఆ అంచు మీరు కుట్టండి. కుట్లు వంకరగా పడినా ఫరవాలేదు. బొంతకు మీ సొమ్ములో ఎక్కువ ఖర్చు కాదు. మిగిలిన దానితో ఆ చిన్న లైటు కొనవచ్చు, లేదా మీవారు, మీరు ఇద్దరే లాన్‌డ్విన్ దాకా నడిచి రావడానికి ఆంగ్లసీలో ఒక రాత్రి అదనంగా ఉండవచ్చు.

ఇందులో ఇంకొక లాభం నాకు కనబడుతోంది. మీరు ఆలోచించిన కానుకల్లో ప్రతిదీ ఆయనకు నచ్చుతుందా, అత్తగారు మెచ్చుతారా, చెంచాకు సాటి వస్తుందా అన్న ప్రశ్నలతోనే మొదలైంది. మీకేం కావాలన్న మాట ఉత్తరంలో ఎక్కడా లేదు. ఇంటి నిండా వెల్ష్ వస్తువులే చేరితే అది ఆయన పుట్టింటికి నకలుగా కనిపిస్తుంది, మీకు పరాయిగా ఉండడంలో ఆశ్చర్యం లేదు. మీ అమ్మ చీర వాసన ఉన్న ఒక్క వస్తువు ఆ హాల్లో ఉంటే ఆ ఇల్లు మీదని అనిపిస్తుంది. తాళంచెవి చెక్కినాయన కోరుకున్నది కూడా అదే అయి ఉంటుంది. బొంత కుదరకపోతే పెడన కలంకారీ పరదా గాని, పోచంపల్లి నూలు దిండుగలీబులు గాని ఆ పని కొంతవరకు చేస్తాయి. ఏటికొప్పాక లక్కబొమ్మలు, కొండపల్లి బొమ్మలు అందమైనవే గాని, అవి అలమరలో నిలబడతాయి, చలి సాయంత్రం ఒళ్లోకి రావు.

ఇక అమ్మగారి వెండి. “వద్దు” అన్న మాటతో మొదలుపెడితే ఆమెకు అవమానంగా వినిపిస్తుంది. ఒక్కగానొక్క కూతురు దూరదేశంలో, తాము కుదర్చని పెళ్లి చేసుకుంది, ఇప్పుడు మొదటిసారి వియ్యాలవారి గడప తొక్కబోతున్నారు. తమ పిల్ల దిక్కులేనిది కాదని చూపించుకోవాలన్న ఆరాటం ఆ వెండిలో ఉంది. దాన్ని గౌరవించాలి. అలాగని ఆ పళ్లెం జనవరి 25న అత్తగారి చేతిలో పెడితే ఏమవుతుందో కూడా చెప్పాలి. అంత విలువైనది పుచ్చుకున్నాక తిరిగి ఏమివ్వాలోనని వారు కంగారుపడతారు. ఇద్దరి మధ్య జరగవలసిన చిన్న పండుగ ఇచ్చిపుచ్చుకోవడాల లెక్కగా మారుతుంది. తరువాత ఆ పళ్లెం అలమరలోకి వెళ్తుంది, మళ్లీ వచ్చినప్పుడు అది కనబడలేదని అమ్మ నొచ్చుకుంటారు. ప్రయాణంలో కూడా చిక్కుంది. బ్రిటన్‌కు విమానంలో వచ్చేవారు తెచ్చే కానుకలూ వస్తువులూ ఒక్కొక్కరికి 390 పౌండ్ల విలువ దాటితే కస్టమ్స్‌లో చెప్పి పన్ను కట్టాలి. వెండి సామాను ఆ హద్దు సులువుగా దాటుతుంది.

మధ్యే మార్గం పండుగలను విడదీయడంలో ఉంది. సంక్రాంతి మీ ఇంట్లో, మీ అమ్మగారి పద్ధతిలో జరగనివ్వండి. అల్లుడికి పంచెల చాపు పెట్టి, అక్షింతలు వేసి, ఆమెకు తృప్తి కలిగేలా ఏ మర్యాద చేయదలచినా ఆ రోజు చేయనివ్వండి. మీవారికి ముందే చెప్పండి: ఇది మా అమ్మ పండుగ, ఆమె ఇచ్చినది కాదనకుండా పుచ్చుకోండి అని. డ్విన్వెన్ పండుగకు ఏమీ వద్దన్న మనిషి, సంక్రాంతికి అత్తగారు పెట్టిన బట్టలు కట్టుకోవడానికి కాదంటారని నేననుకోను. వెండి తేవాలని అమ్మకు అంతగా ఉంటే ఒక చిన్న కుంకుమభరిణె మీకు ఇమ్మనండి, అది మీ కొత్త ఇంటి దేవుడి మూలకు చేరుతుంది. అత్తగారూ మామగారూ ఆంగ్లసీ నుంచి అంత దూరం కారులో సంక్రాంతికి రాగలిగితే మరీ మంచిది. రాలేకపోయినా మర్యాదకు లోటు లేదు, పిలుపు వెళ్లడమే ముఖ్యం.

జనవరి 25 భోజనానికి మాత్రం అమ్మగారు నరసాపురం అల్లిక లేసు తెస్తే బాగుంటుంది. బల్ల మధ్యలో పరిచే పొడవాటి ముక్క ఒకటి, అంతే. మీ పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో ఎంతోమంది ఆడవాళ్లు ఇళ్లలో కూర్చుని అల్లే పని అది. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా గోదావరి జిల్లాలకు వచ్చి, మన ఆడవాళ్ల చేతుల్లో మనదే అయిపోయింది. తేలిక, సంచిలో నలగదు, అత్తగారు అదే రోజు బల్ల మీద పరచగలరు. తాను తెచ్చినది కళ్లముందే వాడుకలోకి రావడం చూస్తే, పెళ్లికూతురి తల్లిగా అమ్మగారికి కలిగే తృప్తి పళ్లెం ఇచ్చినదానికన్నా తక్కువేమీ ఉండదు. ఒకవేళ ఈ మాటలన్నీ విన్నాక కూడా ఆమె వెండే తెస్తానంటే, పోట్లాడకండి. దాన్ని భోజనాల బల్ల దగ్గర అందరిముందు కాకుండా, వంటింట్లో అత్తగారికి ఒక్కరికే ఇమ్మనండి, మా పద్ధతి ఇది, తిరిగి ఏమీ ఆశించరు అని మీరు పక్కనుండి చెప్పండి. మీ అత్తగారి కంగారు చాలావరకు తగ్గుతుంది.

చివరగా మీవారు అన్న “ఏమీ వద్దు” గురించి. అది నిజంగా ఏమీ వద్దనడమా, పెద్ద ఖర్చు వద్దనడమా, లేక చెంచా సొరుగులోకి వెళ్లినప్పటి నుంచి ఆయనకు ఆశ తగ్గడమా అన్నది నేను ఇక్కడి నుంచి చెప్పలేను. చెంచా గురించి మాట్లాడిన రోజే ఆ సంగతి కూడా మీకు తెలుస్తుంది. మొదటి రెండింటిలో ఏదైనా బొంత సరిపోతుంది. మూడోదే అయితే, ఆ రోజుకు మీరు కొనవలసినది ఏమీ లేదు. గోడకు మేకు ఆయన కొడతారో మీరు కొడతారో తేల్చుకోండి. బొంత మాట నచ్చితే సోఫా పొడవూ వెడల్పూ కొలిచి ఈ వారమే అమ్మకు పంపండి, ఆమె విమానం ఎక్కేలోగా చీరలు జాడించి, ఆరబెట్టి, కుట్టించడానికి ఆ మాత్రం సమయం కావాలి.